అత్తమ్మ పసుపు సంచి

మా అత్తమ్మ 2024 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పోయింది. ఆమె పసుపు సంచి మాత్రం ఇంకా మా ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. తమిళనాట కాపురముండే వాళ్ళకు ఈ సంచి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పెళ్ళిళ్ళలో కొబ్బరికాయా, ఆకూ వక్కా పెట్టి చేతికిచ్చే గుడ్డ సంచి. ఒక పక్క వధూవరుల పేర్లు తమిళంలో అచ్చు వేసి ఉంటాయి. ప్లాస్టిక్కు మాని మళ్ళీ పసుపు సంచి పట్టండని 2021 డిసెంబరులో ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది కానీ, మా హోసూరు పక్క పల్లెల్లో అది మేకు దిగింది ఎప్పుడు కనుక!

ఆ సంచిలో ఆమె జబ్బు ఉండేది. బెంగళూరు ఆసుపత్రి ఇచ్చిన ఇంగ్లీషు కాగితాలు, వ్యాయామం చేయించే చోట ఇచ్చిన కన్నడ చీటీ, ఆరోగ్య కేంద్రం వారి తమిళ చీటీలు, పింఛను పడే బ్యాంకు పుస్తకం, రేషను కార్డు, సంచిలో పట్టక సగం బయటికి నిలబడే స్కాను ఫిల్ము. అత్తమ్మ నోటితో మూడు భాషలు మాట్లాడేది. కంటితో ఒక్కటీ చదవలేదు. అన్ని కాగితాల్లో వెదికినా తెలుగు ముక్క ఒక్కటి లేదు. దానికి నేనెవరినీ తప్పుపట్టను. తరతరాలుగా ఇక్కడ ఉన్నవాళ్ళం, సంతలో తమిళం, ఎల్ల దాటితే కన్నడం, ఇంట్లో తెలుగు మనకు అలవాటే. నేను చెప్పబోయేది వేరే సంగతి. ఆ సంచిలోని కాగితాలు ఒకదానితో ఒకటి ఏనాడూ మాట్లాడుకోలేదు. వాటిని మాట్లాడించే పని ఎవరిదో, మూడేళ్ళు ఆమెకు చేసిన నాకు కూడా చాలా ఆలస్యంగా తెలిసింది.

2021 జనవరిలో ఒకరోజు పొద్దున 8 గంటలకు నేను పనికి పోయాను. ఒక చిన్న కార్ఖానాలో లెక్కలు రాస్తాను. మావారిది ఫ్యాక్టరీలో షిఫ్టు పని. సాయంత్రం 6 గంటలకు వచ్చి చూస్తే అత్తమ్మ పెరట్లో గాడిపక్కన పడి ఉంది. కుడి కాలు, కుడి చెయ్యి ఆడడం లేదు. నోరు ఒక పక్కకు పోయింది. ఎప్పుడు పడిందో చెప్పడానికి మాట లేదు. పక్షవాతం మెదడులో గడ్డ కట్టడం వల్ల వస్తే, ఆ గడ్డను కరిగించే సూదిమందు నాలుగున్నర గంటల లోపల వేయాలట. ఆ రాత్రి బెంగళూరు డాక్టరుగారు మొదట అడిగిన మాట, "ఎప్పుడు మొదలైంది?" నా దగ్గర జవాబు లేదు. సూదిమందు వేయలేదు.

తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. ఆసుపత్రి వాళ్ళు చక్కగా చూశారు, అందులో వంక పెట్టను. కాగితాల్లో అన్నీ వివరంగా రాశారు: మాత్రలు ఏ పూటకేవి, రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, గొంతులో అడ్డం పడకుండా మెత్తగా చేసి కూర్చోబెట్టి తినిపించాలి, రోజూ వ్యాయామం చేయించాలి. ఇవన్నీ ఎవరు చేయాలి అన్నచోట 'అటెండర్' అని ఉంది. మన పక్క అటెండరంటే ఆఫీసులో బెల్లు కొడితే వచ్చే మనిషి. ఆ అటెండరు నేనే అని అర్థమవడానికి నాకు బస్సు అత్తిబెలె దాటాల్సి వచ్చింది.

రెండు గంటలకొకసారి పక్క మార్చాలి అని రాయడానికి ఒక వరుస చాలు. రాత్రికి అది నాలుగైదుసార్లు లేవడం. పగలు నేను పనికి పోతే ఎవరు మారుస్తారు? మావారి రాత్రి షిఫ్టు వారాల్లో పగలు ఆయన, మిగతా వారాల్లో పక్కింటి వదిన. నేను మూడు నెలలు సెలవు పెట్టాను, ఆ తరువాత సగం జీతానికి సగం పూట పని. ఈ లెక్కను ఏ ఆసుపత్రీ అడగదు. అడిగితే మాత్రం ఏం చేస్తుందంటారా? అది కూడా నిజమే. ఆసుపత్రి పని జబ్బు. ఇంటి పని ఇంటిది. రోగి మాత్రం ఒక్క మనిషి, సగం అక్కడా సగం ఇక్కడా ఉండలేదు.

మాట సంగతి చెప్పాలి. మెదడు ఎడమ పక్క దెబ్బతింటే కుడి పక్క అవయవాలతోపాటు చాలామందికి మాటా పోతుంది; దాన్ని అఫేసియా అంటారు. రెండు మూడు భాషలు వచ్చిన మనిషికి ఇది వస్తే అన్ని భాషలూ ఒక్కలాగే పోవాలని లేదు, ఒక్కలాగే తిరిగి రావాలనీ లేదు. కొందరికి పుట్టు భాష ముందు వస్తుంది, కొందరికి రోజూ వాడే భాష. ఇదంతా నేను తరువాత తెలుసుకున్నది. అప్పుడు జరిగింది ఇది: వ్యాయామం చేయించే చోట ఒకమ్మాయి అత్తమ్మను కన్నడంలో చెయ్యెత్తమంది, కళ్ళు మూయమంది. పాపం ఓపికగా నాలుగైదుసార్లు అడిగింది. అత్తమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది. చెప్పింది అర్థం చేసుకోవడం లేదని చీటీలో రాశారు. తరువాత ఇంకోచోటికి పోతే ఆ చీటీ చూసి, ఆమెను ఏమీ అడగకుండా నన్నే అడిగారు. మూడోచోట అసలు ఆమె ముఖమే చూడలేదు.

ఇంట్లో ఒక సాయంత్రం నేను మామూలుగా, "అత్తా, ఆకు ఏసుకుంటావా?" అన్నాను. ఎడమ చెయ్యి చాపింది. "కండ్లు మూసుకో" అంటే మూసుకుంది. "చెయ్యెత్తు" అంటే ఎత్తింది. కన్నడం రాక కాదు, నలభై ఏళ్ళు ఆనేకల్లు సంతలో కన్నడంలో బేరమాడిన మనిషి. ఆ భాష ఆ జబ్బులో ఎక్కడో చిక్కుకుపోయింది. తెలుగు మిగిలింది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒక్క చీటీకీ ఎక్కలేదు.

అందుకే ఈమధ్య ఆసుపత్రుల కాగితాలన్నీ కంప్యూటరులో ఒకచోట చేరుస్తామంటే నాకు సంతోషమూ కలుగుతుంది, రవ్వంత భయమూ వేస్తుంది. కాగితాలు కలిస్తే మంచిదే. తప్పు కూడా వాటితో కలిసి ఊరూరూ తిరుగుతుంది కదా! దాన్ని సరిదిద్దగలిగిన మనిషి, అంటే ఆమెను రోజూ చూసే మనిషి, ఒక మాట రాయడానికి ఆ కాగితంలో చోటుండాలి.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది. ఇల్లు దులుపుతూ అటక మీది దొంతి దించాను. మూడో కుండలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మాత్రలు. పదీ ఇరవై కాదు, లెక్కపెట్టలేనన్ని. కొన్నిటికి రేకు కూడా తీయలేదు. అత్తమ్మకు పక్షవాతం రాకముందు రెండేళ్ళుగా ఇచ్చిన రక్తపోటు మాత్రలు అవి!

నాకు ఎంత కోపం వచ్చిందో దాచను. నెలనెలా ఆరోగ్య కేంద్రానికి ఆమెను తీసుకుపోయింది నేను. పోయిన ప్రతిసారీ రక్తపోటు 170, 180 ఉండేది. బయట అరవై మంది వరుసలో ఉండగా డాక్టరుగారు పట్టీ చుట్టి, అంకె చూసి, ఒక మాత్రను రెండు చేశారు, రెంటిని మూడు చేశారు. వారికి కనబడింది అంకె. మాత్ర వేసుకున్నా తగ్గని మనిషికి ఇంకో మాత్ర రాయడం వైద్యంలో సరైన పనే. ఈ మనిషి వేసుకోవడమే లేదని వారికెలా తెలుస్తుంది? నాకే తెలియదు. ఆ కవరు ఆమె ముందు పెట్టి, మంచంలో ఉన్న మనిషి అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె ఎడమ చేత్తో మాత్రలు చూపింది, వాకిలి చూపింది, కాలు చూపింది, మళ్ళీ మాత్రలు చూపింది. నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనుకోలేదేమో.

ఆ తరువాత వారాల గురించి ఎక్కువ రాయను. కరోనా రెండో అల. ఏప్రిల్ 27 నుంచి కర్ణాటకలో, మే 10 నుంచి తమిళనాడులో లాక్‌డౌను. బెంగళూరు దారి మూసుకుపోయింది, వ్యాయామం ఆగిపోయింది. జూన్ నాటికి అత్తమ్మకు వీపు కింద, ముడ్డిపూస దగ్గర పుండు పడింది. వాసన తెలియకుండా ఊదుబత్తులు వెలిగించేవాళ్ళం. అంతకన్నా చెప్పలేను.

2021 ఆగస్టు 5న మా కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లి అనే ఊళ్ళో, తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు 'మక్కళై తేడి మరుత్తువం' అనే పథకం ప్రారంభించారు. ప్రజలను వెదుక్కుంటూ వచ్చే వైద్యం అని దాని అర్థం. రక్తపోటుకూ చక్కెర జబ్బుకూ మాత్రలు ఇంటికే తెచ్చివ్వడం, మంచాన పడ్డవాళ్ళకు ఇంట్లోనే వ్యాయామం, నొప్పి తగ్గించే ఉపశమన చికిత్స ఇందులో ఉన్నాయి. ఇంటింటికీ తిరిగేది స్వయంసహాయక సంఘాల నుంచి తీసుకున్న ఆడవాళ్ళు. ఈ పథకానికి 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా వచ్చింది. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది పురస్కారం కాదు, మా వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వచ్చిన ఒక పిల్ల.

ఆ ఏడు కార్తీకంలో మొదటిసారి వచ్చింది. పక్క వీధి కోడలే, చూసిన ముఖమే. భుజాన సంచి, చేతిలో రక్తపోటు చూసే పెట్టె, గళ్ళు గీసిన పుస్తకం. అత్తమ్మకు పట్టీ చుట్టి అంకె రాసుకుంది. మాత్రలు లెక్కపెట్టింది. తరువాత మంచం మీదే కూర్చుని, "అవ్వా, ఈ మాత్రలు సరిగా ఏసుకుంటా ఉండావా?" అంది.

నేను కల్పించుకుని దొంతి కుండ కథ చెప్పేశాను, కొంచెం కసిగానే. ఆ పిల్ల నావైపు తిరగలేదు. పెరటి వాకిలివైపు చూసింది. పెరట్లో గాడి, దాని వెనక గడ్డివామి, ఆ వెనక ప్రహరీ మూలన మరుగుదొడ్డి. స్వచ్ఛ భారత్ కింద ఇచ్చిన 12,000 రూపాయలకు పైన మేమూ కొంత వేసి కట్టుకున్నదే. మూడు మెట్లు ఎక్కాలి, లోపల గొంతుకూర్చోవాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు.

"అవ్వా, ఈ మాత్ర ఏసుకుంటే మాటిమాటికీ ఒంటికి పోవాల్సొస్తా ఉన్నిందా? కక్కసు దాకా పోలేక మానేసినావా?"

అత్తమ్మ గట్టిగా తల ఊపింది. ఊపుతూనే ఏడ్చింది. ఎడమ చేత్తో మాత్రలు, వాకిలి, కాలు చూపింది. ఉగాదినాడు నాకు చూపించిన వరుసే.

ఆ మూడు మాత్రల్లో ఒకటి ఒంట్లోని నీటిని బయటికి పంపేది. అది వేసుకుంటే పొద్దుటి పూట నాలుగైదుసార్లు లేవాలి. మోకాళ్ళు అరిగిన డెబ్బై రెండేళ్ళ మనిషి, ఇంట్లో ఎవరూ లేని వేళ, గాడి దాటి మూడు మెట్లు ఎక్కి దిగాలి. చీర తడుస్తుందేమోనని ఆమె భయం. ఆ మాట కోడలితో చెప్పుకోవడానికి సిగ్గు, కొడుకుతో అంతకన్నా సిగ్గు. ఏ మాత్ర ఆ పని చేస్తుందో తెలియక మూడూ కలిపి దొంతిలో వేసింది. మాత్రలకేమి లోటు, ఉచితంగా వచ్చేవి. కరువైనదల్లా దగ్గరగా ఒక మరుగుదొడ్డి, పట్టుకోవడానికి ఒక పైపు, పగటిపూట ఒక మనిషి. ఈ మూడూ ఏ మందుల చీటీలోనూ రాయరు. ఆ జనవరిలో ఆమె పెరట్లో గాడిపక్కన ఎందుకు పడి ఉందో అప్పుడు తెలిసింది. అక్కడికే పోతూ పడింది.

ఆ రాత్రి మావారికి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మరునాడు ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఇనప పైపు ముక్కలు తెచ్చాడు. మంచం నుంచి వంటిల్లు దాకా గోడకు నడుమెత్తున పైపు బిగించాడు. వడ్రంగి చేత పాత చెక్క కుర్చీకి నడుమ రంధ్రం కోయించి, కింద బకెట్టు పట్టేట్టు చేయించాడు. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు. రెండేళ్ళ ముందు ఈ కుర్చీ ఉంటే అనే మాట మా ఇద్దరి నోటా రాలేదు, ఇప్పటికీ రాదు.

ఆ పిల్ల ఇంకొకటి చేసింది. అత్తమ్మ వృద్ధాప్య పింఛను అప్పటికి నెలల తరబడి ఇంటికి రాలేదు. బ్యాంకు తరఫున ఒకాయన నెలకొకసారి ఊళ్ళోకి వచ్చి, రచ్చకట్ట మీద కూర్చుని, వేలిముద్ర తీసుకుని డబ్బిచ్చేవాడు. మనిషి రావాలి, వేలు పెట్టాలి. మనిషి రాలేదు కాబట్టి ఆయన ఇవ్వలేదు. ఇందులో ఆయన తప్పేముంది? మా ఇల్లు ఆ కట్టకు వంద అడుగులు. ఈ పిల్ల వెళ్ళి, "మంచాన పడిన మనిషి, రొంత ఇంటికి వచ్చి పోన్నా" అంటే మిషను పట్టుకుని వచ్చాడు. కుడి బొటనవేలు ముడుచుకుపోయింది, ఎడమ వేలు పెట్టించాడు. అయిపోయింది! 2021లో పింఛను నెలకు 1,000 రూపాయలు, 2023లో 1,200 చేశారు. డబ్బు ఎంతన్నది అలా ఉంచండి, తన డబ్బు తన చేతిలో పడిన నాడు అత్తమ్మ రెండు నోట్లు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టబోయింది. ఆ పిల్ల తీసుకోలేదు.

మా చుట్టాలు కుప్పం దగ్గర ఉన్నారు. ఎల్ల దాటితే ఆంధ్ర. అక్కడ 2020 నుంచి పింఛను ఇంటింటికీ తెచ్చిచ్చే పద్ధతి వచ్చింది. 2024 జూలైలో వృద్ధుల పింఛను 4,000 అయింది. ఆ ఊరి పెద్దమ్మ ఫోనులో, "మీ పక్క మాత్రలు ఇంటికొస్తాయి, మా పక్క డబ్బు ఇంటికొస్తాది. ఎల్లమీద ఇల్లు కట్టుకుంటే రెండూ వస్తాయేమో!" అని నవ్వింది. నవ్వుకు అన్నా, ఆమె చెప్పిన రోగం అదే. ఒకచోట వైద్యం గడప దాకా వచ్చింది, ఒకచోట సాయం గడప దాకా వచ్చింది. రెండూ ఒకే మనిషి చేతిలో, ఒకే పుస్తకంలో రావడం ఇంకా అరుదు.

కేరళలో కొంతవరకు అలా చేశారు. 1993లో కోళికోడు వైద్య కళాశాల దగ్గర డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన ఉపశమన చికిత్స, తరువాత ఊరి జనం చేతుల్లోకి పోయింది. మలప్పురం జిల్లాలో మామూలు మనుషులే శిక్షణ తీసుకుని మంచాన పడ్డవారి ఇళ్ళకు పోయారు. పుండు కడిగే నర్సు వెంట, ఆ ఇంట్లో బియ్యమున్నాయా, పిల్లలు బడికి పోతున్నారా అని చూసే వాళ్ళూ ఉండేవారు. లేకపోతే ఊళ్ళో పోగుచేసి ఇచ్చేవారు. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన చికిత్సకు ఒక విధానాన్నే ప్రకటించింది. ఇళ్ళకు పోయే నర్సు ఖర్చు పంచాయతీల నెత్తిన పడింది. బియ్యం లేని ఇంట్లో నొప్పి మాత్ర ఒక్కటే ఇచ్చి వస్తే సగం పనే అని వాళ్ళకు చాలా ఏళ్ళ కిందటే తోచింది.

మా పథకాన్ని పొగిడి ఊరుకుంటే నేను సగం చెప్పినట్టే. ఆ పిల్ల పుస్తకంలో రక్తపోటుకు గడి ఉంది, చక్కెరకు గడి ఉంది, మాత్రలకు గడి ఉంది. మరుగుదొడ్డికి గడి లేదు. పింఛనుకు లేదు. మా ఇంటి సంగతి ఆమె పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంది. అంటే మాకు జరిగిన మేలు పథకం గడుల్లో లేదు, అంచున ఉంది. ఆమె స్థానంలో గడులు మాత్రమే నింపే ఇంకొకరు వచ్చి ఉంటే మాత్రలు లెక్క తప్పకుండా వచ్చేవి, దొంతిలోకి లెక్క తప్పకుండా పోయేవి. ఆమెకు ఇచ్చేది జీతమూ కాదు, గౌరవ భృతి. వ్యాయామం చేయించే ఆయన చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఒక్కడే కాబట్టి మా ఇంటికి మూడు వారాలకొకసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆయన చూపించినట్టే ఆ పిల్ల మాకు నేర్పింది, మేము చేయించాము. పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. 2022 ఆడి నెలకల్లా అత్తమ్మ పైపు పట్టుకుని వంటిల్లు దాకా నడిచింది. మాట పూర్తిగా రాలేదు. "ఆకు", "చాలు", "పో" అనే మూడూ స్పష్టంగా వచ్చాయి. ఆ మూడింటితో ఇంటినంతా ఏలింది.

ఈ పత్రిక చదివే మనవాళ్ళు బెంగళూరులో, షోలాపూరులో, బరంపురంలో, యానాంలో ఉన్నారు. ఊరు మారినా పసుపు సంచి వంటిది ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. మన సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనాలు చేస్తాయి, పిల్లలకు పద్యాల పోటీలు పెడతాయి. పెట్టాలి కూడా. నేను సంఘం పెద్దలను అడిగేది ఇంకొక చిన్న పని. ఒక్క కాగితం అచ్చు వేయించండి, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఆ రాష్ట్రపు భాష. అందులో రోగి పేరు, మాత్రలు ఎలాగూ ఉంటాయి. వాటి కింద, ఈ మనిషికి ఏ భాషలో చెబితే తెలుస్తుంది, ఏ చెయ్యి ఆడుతుంది, పగలు ఇంట్లో ఎవరుంటారు, మరుగుదొడ్డి ఎంత దూరం, పింఛను చేతికి వస్తున్నదా, వంట ఎవరు చేస్తారు అని అడగండి. ఇంట్లోవాళ్ళు నింపి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకుంటారు. మా ఇంట్లో మేము అట్టముక్క మీద రాసి స్కాను ఫిల్ముకు పిన్ను కొట్టాము. 2023లో ఒకసారి దగ్గు ముదిరి ఆసుపత్రిలో చేర్చినప్పుడు అక్కడి నర్సమ్మ ఆ అట్ట చదివి, వార్డులో ఎవరికి తెలుగు వస్తుందని కేకవేసింది. ఊడ్చే ఆమెకు వచ్చు. ఆ నాలుగు రోజులూ చీపురు గోడకానించి ఆమే దుబాసీ.

ఇంకొకటి. వృద్ధుల కోసం దేశమంతటికీ 14567 అనే ఫోను సేవ 2021లో వచ్చింది. పింఛను, చట్టం, ఎక్కడ ఏ సాయం దొరుకుతుంది అనే సంగతులు అడగవచ్చు. మాకు ఆ సంగతి అవసరమైనప్పుడు తెలియలేదు, కాబట్టి రాస్తున్నాను. గోడ మీద రాసి పెట్టుకోండి.

అత్తమ్మ కర్మలు అయ్యాక ఆ పిల్ల వచ్చి చెక్క కుర్చీ అడిగింది. కింది వీధిలో ఒక తాతకు కావాలట. మావారు కాళ్ళకు కొత్త రబ్బరు వేసి, తానే మోసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఆ తాత తరువాత అది ఇంకో ఇంటికి పోయింది. ఇప్పుడు ఎవరింట్లో ఉందో ఆమె పుస్తకం అంచున చూడాలి.

కుర్చీ అడగడానికి వచ్చిన రోజే, పోతూ పోతూ నిలబడి, "అక్కా, రొంత కూర్చో" అని నా చేతికి పట్టీ చుట్టింది. రెండేళ్ళకు పైగా మా ఇంట్లో ఎన్నిసార్లు ఆ పెట్టె తెరిచారో లెక్క లేదు, నా చేతికి అది ఒక్కసారీ తగల్లేదు. నన్ను అడిగినవాళ్ళూ లేరు, నేను చూపించుకున్నదీ లేదు. అంకె 160 మీద నిలబడింది. ఆమె ఏమీ అనలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన నా పేరు రాసుకుంది.